సోర్స్ చదవకుండా హిస్టరీ ఆన్సర్ రాయమంటున్న మెసేజ్ తప్పు

వారం నుంచి ట్వెల్త్ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. సోర్స్ క్వశ్చన్‌లో (పాత రచనలోంచి ఒక పేరా ఇచ్చి దాని మీద అడిగేది) ప్యాసేజ్ చదువుతా టైం వేస్ట్ చేయొద్దంట, టాపిక్ చూసి బట్టీ పట్టింది దించేయాలంట, ఎస్సేలో డేట్లు, పేజీలు ఎంత ఎక్కువుంటే అన్ని మార్కులంట. చిక్కడపల్లిలో పదేళ్లుగా హిస్టరీ ట్యూషన్ చెప్తున్నా, ఇది చూసి ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు ప్యాసేజ్ సంగతి. సీబీఎస్‌ఈ ట్వెల్త్‌లో 80 మార్కుల పేపర్, అందులో సోర్స్ క్వశ్చన్లు మూడు, ఒక్కోటి 4 మార్కులు. మొన్న నేను మొఘలుల టైంలో ఇక్కడికొచ్చిన ఫ్రెంచ్ యాత్రికుడు బెర్నియర్ రాసిన పేరా ఇచ్చి, భూమి మీద సొంత హక్కు లేకపోతే నష్టమేంటని ఆయన అంటున్నాడో రాయమన్నా. ఒక పాప పేజీన్నర రాసింది, 1656 నుంచి 1668 దాకా ఇక్కడున్నాడని, డాక్టరని, షాజహాన్ కొడుకు దారా షికో దగ్గర పనిచేశాడని, అన్నీ కరెక్టే గానీ అడిగింది ఒక్కటీ లేదు. పేరా మళ్లీ చదవమంటే రెండు నిమిషాల్లో నాలుగో లైన్ మీద వేలు పెట్టింది: పిల్లలకి ఇచ్చుకునే హక్కు లేనోడు పొలం మీద డబ్బు పెట్టడు, సాగు పాడైతది. ఇంత తెలివైన పిల్లకి ఆ మార్కులు పోయినయంటే నాకు బాధేసింది.

అట్లని చదివింది పనికిరాదని కాదు. బెర్నియర్ మాట నమ్మొచ్చా అని అడిగితే అప్పుడు తీయాలి దాన్ని. ఆయన రాసింది యూరప్ వాళ్ల కోసం, అక్కడ రాజు భూములన్నీ లాక్కోకూడదని చెప్పడానికి. మొఘల్ సర్కారు కాగితాల్లో భూమంతా రాజుదేనని ఎక్కడా లేదు, అక్బర్ ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజల్ అయితే శిస్తుని ప్రజల్ని కాపాడినందుకు రాజు తీసుకునే ప్రతిఫలం అన్నట్టు రాశాడు.

డేట్ల గురించి గ్రూప్-1కి ప్రిపేరయ్యే మా తమ్ముడే అడిగాడు, అన్నా మాకూ ఇంతేనా అని. పెద్దమనుషుల ఒప్పందం ఎంతవరకు అమలైందో రాయరా అన్నా. శాతవాహనుల నుంచి మొదలుపెట్టి ఇరవై డేట్లు పెట్టాడు, "ఎంతవరకు" అన్న మాటనే వదిలేశాడు. దానికి కావాల్సింది కొంచెమే. 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకులు రాసుకున్నారు, సీఎం ఆంధ్ర నుంచైతే డిప్యూటీ సీఎం తెలంగాణ నుంచి ఉండాలని, సీఎం తెలంగాణ నుంచైతే డిప్యూటీ ఆంధ్ర నుంచని. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన నవంబర్ 1న వచ్చిన నీలం సంజీవరెడ్డి కేబినెట్‌లో ఆ పోస్టే లేదు. కానీ ఒప్పందంలో ఉన్న, తెలంగాణ వ్యవహారాలు చూసే రీజినల్ కమిటీ 1958లో వచ్చింది. రెండూ పెట్టి నీ అభిప్రాయం చెప్పు, అదే ఎస్సే.

ఇంక పేజీలు. 8 మార్కుల ఆన్సర్ 300-350 పదాలు దాటొద్దని పేపర్ మీదే ఉంటది, మరి నింపమని ఎట్లా చెప్తారు పిల్లలకి? ఎగ్జాం ముందు క్వశ్చన్ పేపర్ చదువుకోడానికి 15 నిమిషాలిస్తారు కదా, ఆ టైంలోనే మూడు సోర్సులూ చదివేయండి, క్వశ్చన్ ముందు, తర్వాత పేరా.