పికాసో చెరిపేసిన పిడికిలి

1937 మే నెలలో పారిస్‌లోని తన స్టూడియోలో పాబ్లో పికాసో ఓ పెద్ద కాన్వాస్‌పై పని చేస్తుంటే, ఆయన సహచరి, ఫొటోగ్రాఫర్ డోరా మార్ దశలవారీగా ఫొటోలు తీశారు. ‘గెర్నికా’ అనే ఆ బొమ్మ గొప్పతనం నాకు ఆ ఫొటోల్లోనే అర్థమైంది. మొదట్లో నేలకూలిన సైనికుడి చెయ్యి పిడికిలి బిగించి నిటారుగా లేచి ఉంది. తర్వాత ఆ పిడికిట్లో ధాన్యపు కంకులు, వెనక పెద్ద సూర్యుడు. ఆపైన ఆ చెయ్యే లేదు. సూర్యుడి చోట చివరికి కరెంటు బల్బు మిగిలింది.

పిడికిలి, స్పెయిన్ ప్రభుత్వంపై తిరగబడిన సైన్యాధికారి ఫ్రాంకోతో పోరాడుతున్నవాళ్ల గుర్తు. పికాసో వాళ్ల పక్షమే. బొమ్మ అడిగింది కూడా వాళ్ల ప్రభుత్వమే, పారిస్ ప్రదర్శనలోని స్పెయిన్ పెవిలియన్ కోసం. జనవరిలో అడిగితే నెలలు గడిచినా ఏం వెయ్యాలో ఆయనకు తేలలేదు. ఏప్రిల్ 26, సోమవారం, సంత రోజు. ఫ్రాంకోకు సాయంగా వచ్చిన జర్మన్, ఇటాలియన్ విమానాలు ఉత్తర స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతపు పట్టణం గెర్నికాను బాంబులతో తగలబెట్టాయి. మే 1న స్కెచ్‌లు మొదలయ్యాయి. జూన్ మొదట్లోకల్లా దాదాపు మూడున్నర మీటర్ల ఎత్తు, 7.76 మీటర్ల వెడల్పు ఉన్న బొమ్మ సిద్ధమైంది.

అందులో విమానం లేదు. ఫ్రాంకో మొహం లేదు, ఏ జెండా లేదు. చచ్చిన బిడ్డను చేతుల్లో పట్టుకుని ఆకాశంకేసి ఏడుస్తున్న తల్లి ఉంది. పొడుచుకున్న బల్లెంతో అరుస్తున్న గుర్రం ఉంది. రంగులు కూడా లేవు, పేపర్లో అచ్చయిన ఫొటోల్లా నలుపు, తెలుపు, బూడిద. బొమ్మలోని ఎద్దు దేనికి గుర్తని పండితులు ఇంకా వాదిస్తున్నారు. ఆ తల్లి గురించి వాదన అక్కర్లేదు. పిడికిలి ఉండి ఉంటే అది ఒక పక్షం పోస్టర్‌గా మిగిలేది. తన పక్షం గుర్తునే తీసేయడానికి చాలా ధైర్యం కావాలి.

తన జీవితంలోని స్త్రీలను ఆయన పెట్టిన బాధ తక్కువది కాదు. ఏడ్చే ఆడమనిషి మొహాన్ని అంత దగ్గరగా గీసిన చెయ్యి అదే. దాన్ని నేను దాటవెయ్యలేను, బొమ్మనూ వదులుకోలేను.

యుద్ధంలో ఫ్రాంకో గెలిచి నియంత అయ్యాడు. స్పెయిన్‌కు స్వేచ్ఛ తిరిగొచ్చేదాకా ఈ బొమ్మ అక్కడికి వెళ్లకూడదన్నాడు పికాసో. న్యూయార్క్ మ్యూజియంలో ఉండిపోయిన ఆ కాన్వాస్, ఆయనా ఫ్రాంకో ఇద్దరూ పోయాక, 1981లో మాడ్రిడ్ చేరింది. దాన్ని చూసి నేసిన ఓ తెర న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి హాలు బయట వేలాడుతూ ఉండేది. 2003 ఫిబ్రవరిలో ఇరాక్‌పై యుద్ధం ఎందుకు అవసరమో చెప్పడానికి అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ అక్కడికొచ్చిన రోజు, దాన్ని నీలం గుడ్డతో కప్పి ఉంచారు.