సర్వకాల సర్వోత్తమ చిత్రాల జాబితా గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ సర్వకాల సర్వోత్తమ చిత్రాల జాబితా గారి దివ్యసముఖానికి, ఒక సామాన్య ప్రేక్షకుడు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

అయ్యా,

తమరు క్షేమమని తలుస్తాను. క్షేమంగా లేకపోవడానికి కారణమూ కనబడదు. సినిమాలు ఆడినా ఆడకపోయినా తమరు మాత్రం ఏడాది పొడవునా ఆడుతూనే ఉంటారు. సినిమా తీయాలంటే డబ్బు కావాలి, చూడాలంటే ఓపిక కావాలి. తమరిని తయారు చేయడానికి మాత్రం ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టడం వస్తే సరిపోతుంది.

తమ వంశంలో అందరికన్నా పెద్దమనిషిగా చలామణి అవుతున్నది బ్రిటన్‌లోని ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక 1952 నుంచి పదేళ్ళకొకసారి విమర్శకుల ఓట్లతో ప్రకటించే జాబితా. మొట్టమొదటిసారి అగ్రపీఠం ‘బైసికిల్ థీవ్స్’కు దక్కింది, అప్పటికి ఆ సినిమా వయసు నాలుగేళ్ళు. నాలుగేళ్ళ పసివాడికి సర్వకాలాల కిరీటం పెట్టిన తమ ధైర్యాన్ని మెచ్చుకోవలసిందే. అదే ఏడాది మొదటి పదిలో చోటే దొరకని ‘సిటిజెన్ కేన్’ 1962లో సింహాసనం ఎక్కి, 2002 దాకా వరుసగా ఐదుసార్లు దిగలేదు. 2012లో ‘వెర్టిగో’ వచ్చి దాన్ని దింపింది, 2022లో ‘జాన్ డీల్మన్’ వచ్చి ‘వెర్టిగో’ను దింపింది. ఇన్నేళ్ళలో ఈ సినిమాల్లో ఒక్క ఫ్రేము కూడా మారలేదు. మారింది ఓటు వేసేవాళ్ళే అయినా, పరీక్షలో తప్పింది సినిమాయే అన్నట్టు ప్రకటించడం తమకు మాత్రమే చెల్లింది.

‘గాడ్‌ఫాదర్’ విషయంలో తమరు చేసిన పని మరీ విడ్డూరం. 2002లో మొదటి, రెండో భాగాలకు పడిన ఓట్లను ఒకే ఖాతాలో వేసి నాలుగో స్థానం ఇచ్చారు. 2012లో నిబంధన మార్చి, ఓట్లను వేరువేరుగా లెక్కించేసరికి రెండూ మొదటి పదిలోంచి జారిపోయాయి. శత్రు ముఠాలన్నీ కట్టగట్టుకొని వచ్చినా విడదీయలేకపోయిన కుటుంబాన్ని తమ గుమాస్తా ఒక్క కలం పోటుతో విడదీశాడు.

నిజానికి స్థానాల గొడవతో నాకు పెద్ద పేచీ లేదు. నా ఫిర్యాదల్లా తమరు రెండు వేరువేరు సంగతులను ఒకే కాటాలో పెట్టి తూస్తున్నారని. ఒక సినిమా తరవాతి సినిమాలకు ఏం ఇచ్చిందన్నది ఒక సంగతి. చూసినవాడిలో ఏం మిగిల్చిందన్నది మరో సంగతి. మొదటిదానికి లెక్క చెప్పవచ్చు గాని అది తమ ఖాతా పుస్తకంలో పట్టదు. ఉదాహరణకు ‘వెర్టిగో’లో గంటస్తంభం మెట్ల మీద నిలబడి కిందికి చూసేవాడికి నేల ఒక్కసారిగా లోతుకు సాగిపోయినట్టు కనిపించే షాట్ ఉంది. మెట్లదారి నమూనా ఒకటి కట్టి, దాన్ని పక్కకు పడుకోబెట్టి, కెమెరా కదలికనూ జూమ్‌నూ ఒకేసారి ఒకదానికొకటి ఎదురు దిశల్లో నడిపి ఆ భ్రమను సృష్టించారు. ఈ ఉపాయం కనిపెట్టిన రెండో యూనిట్ ఛాయాగ్రాహకుడు ఇర్మిన్ రాబర్ట్స్ పేరు ఆ చిత్రం టైటిళ్ళలోనే లేదు. 1975లో ‘జాస్’ సముద్రతీరంలో కూర్చున్న పోలీసు అధికారి ముఖం మీద అదే ఉపాయం మళ్ళీ ప్రయోగించారు. ఆ తరవాత భయం, దిగ్భ్రమ చూపవలసిన ప్రతివాడూ దాన్ని వాడుకుంటూనే ఉన్నాడు. ఆ రాబర్ట్స్ గారికి తమరు ఏ స్థానం ఇచ్చారో సెలవివ్వండి.

అలాగే సత్యజిత్ రాయ్ 1950లో లండన్‌లో ‘బైసికిల్ థీవ్స్’ చూడడం, 1955కల్లా ‘పథేర్ పాంచాలి’ రావడం ఒక సినిమా సాధించగల అసలైన విజయం. కురొసావా ‘సెవెన్ సమురాయ్’ (1954) గుర్రమెక్కి ‘ది మాగ్నిఫిసెంట్ సెవెన్’ (1960)గా అమెరికా చేరి, అక్కడినుంచి ‘షోలే’ (1975) దాకా ప్రయాణించింది. ‘శివ’ (1989)లో కాలేజీ కుర్రాడు సైకిల్ గొలుసు లాగి పిడికిలికి చుట్టుకున్నాక తెలుగు సినిమాలో పోరాటాల తీరు మునుపటిలా ఉండలేదు. తమ భాషలో ఇది ఎన్నో నంబరు?

రెండో సంగతికైతే లెక్కే లేదు. ‘సిటిజెన్ కేన్’ను నేను గౌరవిస్తాను, దగ్గరి ముఖమూ దూరపు తలుపూ ఒకే స్పష్టతతో కనబడేలా ఛాయాగ్రాహకుడు గ్రెగ్ టోలాండ్ వెలిగించిన ఆ గదులకు చేతులెత్తి మొక్కుతాను. కాని గౌరవం వేరు, మమకారం వేరు. ఎంత ప్రయత్నించినా నాకు దాని మీద మమకారం కలగలేదు. ప్రజల ఓట్లతో నడిచే తమ తమ్ముడు, ఐఎండీబీ అనే సినిమా వెబ్‌సైటు జాబితా గారు ఏళ్ళ తరబడి తలకెత్తుకున్న ‘షాషాంక్ రిడెంప్షన్’ మీద నాకు మమకారమే గాని, పక్కనుంచి ఆ కథనం చెప్పే గొంతు ప్రతి భావాన్నీ ముందే నమిలి నోట్లో పెడుతుందని నా ఆరోపణ.

ఇక ‘జాన్ డీల్మన్’. చాంతల్ ఆకెర్మన్ 1975లో తీసిన ఈ మూడు గంటల ఇరవై నిమిషాల చిత్రంలో ఒక గృహిణి మూడు రోజుల పనులు చూస్తాం. రెండో రోజు ఆమె ఉడకబెట్టిన బంగాళాదుంపలు మితిమీరి ఉడికిపోతాయి. గిన్నె చేతబట్టుకొని, ఎక్కడ పెట్టాలో తోచనట్టు ఆమె ఇల్లంతా తిరుగుతుంది. అప్పటిదాకా గడియారంలా నడిచిన ఆ ఇంట్లో ఏదో పట్టు తప్పిందని మనకు అక్కడే తెలుస్తుంది. అంతసేపు ఆమె వేళలకు అలవాటు పడి ఉంటేనే ఆ గిన్నె మనల్ని భయపెడుతుంది. తమ భక్తులు మాత్రం తమ పుణ్యమా అని దీన్ని ఒకటిన్నర రెట్ల వేగంతో చూసి, టిక్కు పెట్టుకొని, మరుసటి నంబరుకు పోతున్నారు.

కె.వి. రెడ్డి గారి ‘మాయాబజార్’ (1957) తమరు చూసే ఉంటారు. అందులో ప్రియదర్శిని పేటిక తెరిస్తే ఎవరికి ప్రియమైనది వారికే కనబడుతుంది. రేవతికి నగలు, బలరాముడికి దుర్యోధనుడు, శశిరేఖకు అభిమన్యుడు. ఆ పేటికలో కనబడినవాటికి సగటు కట్టి, వరుస పేర్చి, దుర్యోధనుడికి ఏడో స్థానం ప్రకటించాలనే ఆలోచన ఆ దర్బారులో ఎవ్వరికీ రాలేదు. అక్కడ తమబోటివారు లేని లోటు స్పష్టంగా తెలుస్తుంది.

పదేళ్ళ లెక్క తప్పకపోతే తమ తదుపరి దర్శనం 2032లో. పొరపాటున నా ఓటూ అడిగితే, సినిమాల పేర్లు కాకుండా కొన్ని ముక్కలు మాత్రం పంపుతాను: ఆ మెట్లు, ఆ గొలుసు, ఆ బంగాళాదుంపల గిన్నె, మార్కస్ బార్ట్లీ కెమెరాలో లాహిరి పాటకు కాసిన వెన్నెల. దయచేసి వాటికి వరుస సంఖ్యలు వేయకండి. వేశారో, వెన్నెల నాలుగో స్థానంలో ఎందుకుందని తమతో తగవుకు వచ్చేవాళ్ళలో మొదటివాణ్ణి నేనే అవుతాను.

ఇట్లు,
తమ జాబితాలన్నీ తప్పకుండా చదివే,
ఒక ప్రేక్షకుడు