ఎయిడ్ అడిగితే సీటు పోతుందా?

అమెరికాలో డిగ్రీకి అప్లై చేసే పిల్లలున్న ఇళ్లలో ఒకటే టెన్షన్. అప్లికేషన్‌లో ఫైనాన్షియల్ ఎయిడ్ (చదువు ఖర్చుకు ఇచ్చే ఆర్థిక సాయం) కావాలా అని అడిగిన చోట అవును అంటే సీటు పోతుందా? పోదని ఒకరంటారు, ఖాయంగా పోతుందని ఇంకొకరంటారు. నిజానికి అది ఆ కాలేజీ నియమాన్ని బట్టి, పిల్లల వీసాను బట్టి మారుతుంది.

సిటిజన్లు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ల విషయంలో పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలు చాలావరకు నీడ్ బ్లైండ్. అంటే సీటు ఇచ్చేటప్పుడు డబ్బు సంగతి చూడం అంటాయి. విదేశీ విద్యార్థులకు కూడా ఇదే మాట ఇచ్చేవి మాత్రం చాలా తక్కువ: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హెర్స్ట్, డార్ట్‌మత్, ఈమధ్య బ్రౌన్, ఇలా కొన్ని. స్టాన్‌ఫర్డ్, కార్నెల్, డ్యూక్ లాంటి చోట్ల విదేశీ విద్యార్థి ఎయిడ్ అడిగితే అది లెక్కలోకి వస్తుంది, ఆ మాట అవే చెబుతాయి.

మనవాళ్లకు అసలు దెబ్బ ఇక్కడే. హెచ్1బీ మీద వెళ్లిన అమ్మానాన్నలతో చిన్నప్పుడే న్యూజెర్సీకో టెక్సాస్‌కో వెళ్లి, అక్కడే బడికెళ్లి పెరిగిన హెచ్4 (హెచ్1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) పిల్లలకు ఫెడరల్ ఎయిడ్, అంటే అమెరికా ప్రభుత్వ సాయం రాదు, పైగా చాలా ప్రైవేటు కాలేజీలు వాళ్లను విదేశీ విద్యార్థుల్లోనే కలిపేస్తాయి. గ్రీన్‌కార్డు క్యూ ఏళ్ల తరబడి కదలకపోవడం ఆ పిల్లల తప్పా? ఇది నాకు పచ్చి అన్యాయంగా కనిపిస్తుంది.

నీడ్ బ్లైండ్ అనే మాటనూ గుడ్డిగా నమ్మక్కర్లేదు. డబ్బున్న కుటుంబాల వైపు మొగ్గుతూనే ఎయిడ్ తగ్గించేలా కుమ్మక్కయ్యాయని 2022లో 17 యూనివర్సిటీల మీద కేసు పడింది, చికాగో యూనివర్సిటీ తప్పు ఒప్పుకోకుండానే 1.35 కోట్ల డాలర్లకు రాజీపడింది. 2009 మాంద్యంలో రీడ్ కాలేజీ అయితే తీసుకుందామనుకున్న లిస్టులోంచి ఎయిడ్ అవసరమైన వందమందికి పైగా విద్యార్థులను తీసేసి, కట్టగలిగినవాళ్లను పెట్టుకుంది.

అందుకే చాలామంది ఇచ్చే సలహా: ఇప్పుడు వద్దని పెట్టండి, సీటొచ్చాక అడగొచ్చు. దయచేసి ఆ పని చేయకండి. స్టాన్‌ఫర్డ్‌లో విదేశీ విద్యార్థి అప్లై చేసేటప్పుడు ఎయిడ్ అడగకపోతే నాలుగేళ్లూ అడిగే వీల్లేదు. ఇండియా నుంచి వెళ్లేవాళ్లకు ఇంకో చిక్కు, మొదటి ఏడాది ఖర్చుకు డబ్బు చూపిస్తేనే స్టూడెంట్ వీసాకు కావాల్సిన ఐ20 పత్రం ఇస్తారు. ఇల్లు తాకట్టు పెట్టి ఒక్క ఏడాది గట్టెక్కినా రెండో ఏడు ఫీజు ఎవరు కడతారు? నాలుగేళ్లూ నిజంగా కట్టగలిగితేనే వద్దని పెట్టండి, ఎయిడ్ అడగడాన్ని లెక్కలోకి తీసుకునే చోట్ల అది కొంత కలిసొస్తుంది కూడా. కట్టలేకపోతే అడగడం వల్ల అవకాశం తగ్గినా సరే, అడిగి తీరాలి.

అప్లై చేసే ముందు ప్రతి కాలేజీకీ ఒక మెయిల్ పెట్టండి: మా పిల్లాణ్ణి విదేశీ విద్యార్థిగా చూస్తారా, లేదా, ఇప్పుడు ఎయిడ్ అడగకపోతే తర్వాత అడగొచ్చా, అవసరమైనదంతా ఇస్తారా లేక కొంతేనా? జవాబు రాతలో వచ్చాకే ఫీజు కట్టి అప్లికేషన్ పంపండి.