స్వీడన్ ఆర్మీ స్టాఫ్ చీఫ్ పదవి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పదవి గారి సముఖానికి, నమస్కరించి రాయునదేమనగా,

నిన్న మధ్యాహ్నం మొత్తం తమరి ఖాతాలో పోయింది. నేను అడిగింది పెద్దదేం కాదు, తమరి కుర్చీలో ఎవరెప్పుడు కూర్చున్నారో చెప్పే ఒక పట్టిక. ఎడమ పక్క ఏళ్ళు, కుడి పక్క పేర్లు. అన్నం తిని కూర్చుంటే కాఫీ వేళకి తేలిపోవాల్సిన పని. 1994 జూన్ దాకా బాగానే నడిచింది. ఆ నెలాఖరుతో తమరు మాయం! యుద్ధంలో ఓడిపోయారా అంటే, స్వీడన్ 1814 తర్వాత యుద్ధమే చేయలేదు. కుంభకోణమా అంటే అదీ లేదు. పరిపాలనా సంస్కరణట. ఆర్మీ స్టాఫ్ మళ్ళీ కనబడేది 2019లో. మధ్యలో పాతికేళ్ళు తమరి పని ఎవరు చూశారండీ? సాయంత్రం దాకా వెతికినా ఆ ముక్క ఒక్కరూ సూటిగా చెప్పరే!

తమరి వంశం గొప్పదే, కాదనను. 1873లో జనరల్ స్టాఫ్, అంటే సైన్యానికి ప్రణాళికలు వేసే ఆఫీసు, ఏర్పడితే హ్యూగో రాబ్ దానికి తొలి అధిపతి. యుద్ధ ప్రణాళికలు, రైళ్ళలో సైన్యాన్ని తరలించే లెక్కలు, మ్యాపులు అన్నీ ఆ ఆఫీసులోనే. తమాషా ఏమిటంటే, ఇంత పని జరుగుతున్నా ఆర్మీకంటూ ఒక అధిపతి లేడు. పదాతి దళానికో ఇన్‌స్పెక్టర్, అశ్వదళానికో ఇన్‌స్పెక్టర్, ఫిరంగులకో ఇన్‌స్పెక్టర్, అందరి మీదా రాజుగారు. 1926లో కళ్ళు తెరిచిన వైమానిక దళానికి మాత్రం అధిపతి వచ్చేశాడు. తమ్ముడి పెళ్ళిలో వడ్డనకి తిరిగే పెళ్ళికాని అన్నలాగా ఆర్మీ 1937 దాకా ఎదురుచూసింది. అప్పుడు పెర్ సిల్వాన్ తొలి ఆర్మీ చీఫ్ అయ్యాడు. పాత జనరల్ స్టాఫ్‌ని చీల్చి, ఒక ముక్కని మొత్తం రక్షణ దళాల స్టాఫ్‌కి ఇచ్చి, రెండో ముక్కని ఆర్మీ స్టాఫ్ చేసి, ఆర్మీ చీఫ్ కింద దాన్ని నడపడానికి తమరిని కూర్చోబెట్టారు.

ఎందుకు 1937లోనే? 1925లో ఇక శాంతే శాంతి అనుకుని రెజిమెంట్లకి రెజిమెంట్లే ఎత్తేశారు. తర్వాత జర్మనీ ఆయుధాలు పోగేస్తుంటే గుండె జారి, 1936లో కొత్త రక్షణ తీర్మానం చేశారు. అన్ని దళాల మీదా సుప్రీం కమాండర్ ఎప్పుడొచ్చాడో చూడండి: 1939 డిసెంబరులో. సోవియట్ సైన్యం ఫిన్లాండ్ మీద పడింది నవంబరు 30న. పక్క దేశంలో బాంబులు పడ్డాక గానీ ఓలోఫ్ థోర్నెల్ చేతికి నియామకపత్రం రాలేదు. భయం వేస్తే పదవి, భయం తీరితే రద్దు. తమరి చరిత్ర మొత్తం ఇంతేనండీ.

అయినా తమరి మంచి రోజులు తలుచుకుంటే ముచ్చటేస్తుంది. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో రైతు, టీచరు, బస్సు డ్రైవరు, ఎవరికి ఏ యూనిట్టో, పిలుపొస్తే ఎక్కడికి వెళ్ళాలో ముందే రాసిపెట్టి ఉండేది. అడవుల్లో, ఊళ్ళ పక్కన వేల కొద్దీ గిడ్డంగులు. వాటిలో తుపాకులు, టెంట్లు, వంట సామాను, మంచులో నడవడానికి స్కీలు. ఎవడూ దాడి చేయని దేశం కోసం అంత లెక్క రాయాలంటే ఓపికే కాదు, కాస్త పిచ్చి కూడా ఉండాలి. ఆ పిచ్చి నాకు ఇష్టం.

ఇక 1994. ఆర్మీ, నేవీ, వైమానిక దళాల స్టాఫ్‌లన్నీ రద్దు. అన్నీ కలిపి ఒకే సంస్థ, ఒకే హెడ్‌క్వార్టర్స్. సరే, సోవియట్ యూనియన్ లేదు, ఖర్చు తగ్గించుకోవాలి, అర్థమైంది. ఆర్మీ చీఫ్ పోయి ఆర్మీ కమాండ్‌కి ఒక అధిపతి వచ్చాడు. కొన్నాళ్ళకి ఇన్‌స్పెక్టర్ జనరల్, ఇంకొన్నాళ్ళకి ఆర్మీ ఇన్‌స్పెక్టర్. చూశారా? 1937కి ముందున్న ఇన్‌స్పెక్టర్లే తిరిగొచ్చారు! దీన్ని ఆధునికీకరణ అన్నారు.

ఇక్కడ నాకు మర్యాద సరిపోవడం లేదు, క్షమించు. నువ్వు ఏం చేస్తున్నావు అప్పుడు? ఒక్క కాగితం మీదైనా “ఇది పొరపాటు” అని రాసి పెట్టలేకపోయావా? గిడ్డంగులు ఖాళీ చేశారు. 2005లో గోట్లాండ్ ద్వీపంలో రెజిమెంట్ ఎత్తేశారు. బాల్టిక్ సముద్రం నట్టనడుమ ఉన్న ద్వీపం అది! 2010లో నిర్బంధ సైనిక సేవ ఆపేశారు. మీ దేశం మాకు 1986లో 410 బోఫోర్స్ శతఘ్నులు అమ్మింది. వాటి పేరున మా దగ్గర ఒక ప్రభుత్వమే కూలింది, అది వేరే కథ. కానీ అవే 1999లో కార్గిల్ కొండల మీద మోగాయి. మీ సైన్యం మాత్రం తన బోఫోర్స్‌లని తర్వాత్తర్వాత పక్కన పడేసి, వాటి బదులు రావాల్సిన ఆర్చర్ అనే కొత్త శతఘ్ని కోసం ఏళ్ళ తరబడి కాచుకు కూర్చుంది. ఆఖరికి 2013 వచ్చే వేళకి సుప్రీం కమాండర్ స్వెర్కర్ గోరన్సన్ బయటపడ్డాడు: ఒకచోట పరిమిత దాడి జరిగితే వారం రోజులు ఆపగలమని. వారం! నువ్వు ఉండగా గిడ్డంగుల తాళాల లెక్క సరిచూడటానికే వారం పట్టేది.

ఆ తర్వాత 2014లో రష్యా క్రిమియాని లాక్కుంది. ఇంకేముంది, నీ కుటుంబం మళ్ళీ గుర్తొచ్చింది. 2014 నుంచి ఆర్మీ చీఫ్ అనే హోదా తిరిగొచ్చింది. 2016లో ఆ కుర్చీలోని ఆండర్స్ బ్రాన్‌స్ట్రోమ్ కొన్నేళ్ళలో యుద్ధం రావచ్చని రాస్తే పేపర్లన్నీ గగ్గోలు పెట్టాయి. 2018కల్లా నిర్బంధ సేవ మళ్ళీ, గోట్లాండ్‌లో రెజిమెంట్ మళ్ళీ. 2019లో ఆర్మీ స్టాఫ్‌ని ఎన్‌షోపింగ్‌లో పెట్టారు. నేవీ స్టాఫ్ మూస్కోకి, వైమానిక స్టాఫ్ ఉప్సాలాకి పోయాయి, ఒకే దెబ్బకి అందరూ దొరక్కూడదని. సరైన ఆలోచనే. ఇరవై అయిదేళ్ళు అందరినీ స్టాక్‌హోమ్‌లో ఒకేచోట కుక్కి పెట్టినప్పుడు ఈ తెలివి ఏమైంది?

ఇప్పుడు నీకు ఊపిరి తీసుకునే తీరిక లేదని తెలుసు. 2024 మార్చిలో నాటోలో చేరారు, 2025 జనవరిలో మీ బెటాలియన్ లాత్వియాకి వెళ్ళింది. ఒకప్పుడు సొంత అడవుల లెక్క చూసిన స్టాఫ్ ఇప్పుడు పరాయి దేశంలో సైనికుల రేషన్, డీజిల్, రైలు వ్యాగన్లు చూసుకోవాలి. చేస్తావు. చేయగలవని నాకు నమ్మకమే. నీ మీద నమ్మకం లేనిది నాకు కాదు, నిన్ను జీతాలిచ్చి పోషించే వాళ్ళకి.

ఉక్రెయిన్‌లో తుపాకులు చల్లబడే రోజు వస్తుంది, రావాలి. ఆ మర్నాడే ఎవరో ఒక మంత్రి పొదుపు ఫైలు చంకన పెట్టుకుని ఎన్‌షోపింగ్‌కి దిగుతాడు. మంచి కుర్చీ వెయ్యి, కాఫీ ఇవ్వు, దాల్చినచెక్క బన్ను కూడా పెట్టు. సంతకం మాత్రం పెట్టకు. పెట్టక తప్పకపోతే, ఏ పని ఎవరికి అప్పగించావో, ఏ గిడ్డంగి తాళం ఎవరి దగ్గరుందో పేరుతో సహా రాసి, మంత్రిగారి చేత కూడా దాని కింద సంతకం పెట్టించు.

ఇట్లు,
నీ మీద కోపమూ చావని, అభిమానమూ చావని ఒక పాఠకుడు