ఉకులేలే ఫీజును గిట్టుబాటు చేసుకునే విధానం

గిటారును పోలిన చిన్న వాద్యమైన ఉకులేలే నేర్పే తరగతుల్లో కొత్తగా చేరినవారు చాలామంది ఇంటిదగ్గర రోజూ సాధన చేసి, కట్టిన ఫీజును చేజేతులా నష్టపోతున్నారు. పనంతా తామే చేసుకొని, ఆ పైన పది నిమిషాల దిద్దుబాటు కోసం గురువుగారికి నెలనెలా డబ్బు చెల్లించడం ఏ లెక్కన లాభమో నాకు అంతుపట్టదు. నేను మూడు నెలలుగా వాద్యాన్ని తరగతిలో తప్ప సంచిలోంచి తీయలేదు. ఒకే పాఠాన్ని పన్నెండుసార్లు, అదీ ప్రతిసారీ కొత్తగా వినే భాగ్యం అందువల్లనే నాకు దక్కింది.

ముందుగా శ్రుతి సంగతి. కొత్త నైలాన్ తీగలు కొన్నాళ్లపాటు సాగుతూ, శ్రుతి దిగిపోతూ ఉంటాయి. రోజూ బిరడాలు బిగించి వాయించేవారి చేతిలో త్వరగానే కుదురుకుంటాయి. ఆ తొందర నాకు లేదు కనుక, గంట తరగతిలో తొలి పావుగంట గురువుగారు తల వంచుకొని నా బిరడాలే తిప్పుతారు. తీగలతోపాటు ఆయన మెడనరాలు కూడా బిగుసుకుంటూ ఉంటాయి.

ఆ నాలుగు తీగల పేర్లు జీ, సీ, ఈ, ఏ. కొన్ని స్వరాలను ఒకేసారి మోగిస్తే దాన్ని కార్డు అంటారు. మొదటి పాఠమైన సీ కార్డుకు ఒక్క వేలు చాలు.

"ఏ తీగ మీద మూడో మెట్టు దగ్గర ఉంగరపు వేలు పెట్టండి," అన్నారు గురువుగారు.

"ఏ తీగండీ?"

"ఏ తీగేనండీ."

నేను అదృష్టవశాత్తూ సరైన తీగనే తాకి, "ఈ తీగా?" అని అడిగాను.

"ఈ కాదండీ, ఏ!"

దాంతో సరైన చోట పడిన వేలును కూడా తీసేశాను. ఆ వారం పాఠం అక్కడితో సరి.

నా పక్కన కూర్చునే ఎనిమిదో తరగతి అమ్మాయి ఇదే వ్యవధిలో ఎఫ్, జీ సెవెన్ కార్డులు కూడా దాటేసింది. పాపం, వేళ్ల చివర్లు కాయలు కాశాయి. గురువుగారి నుంచి ఆ పిల్ల రాబట్టుకునేది వారానికి ఒక్క "బాగుందమ్మా" మాత్రమే.

ఇంకా సమయం మిగిలితే చరిత్ర అడగాలి. 1879లో పోర్చుగల్‌కు చెందిన మదీరా ద్వీపం నుంచి చెరకు తోటల పనికి ఓడెక్కి హవాయిలోని హోనొలులూలో దిగినవారిలో ముగ్గురు వడ్రంగులు ఉన్నారనీ, మదీరాలోని చిన్న నాలుగు తీగల వాద్యం వారి చేతుల్లోనే ఉకులేలేగా మారిందనీ, అక్కడి రాజు కలాకౌవా దాన్ని ఆదరించాడనీ గురువుగారు తన్మయులై చెబుతారు. హవాయి భాషలో "ఉకు" అంటే పేనువంటి పురుగట, "లేలే" అంటే గెంతడమట. ఈ ప్రశ్న ఇరవై నిమిషాలు పలుకుతుంది. నేను నాలుగుసార్లు అడిగాను.

మొన్న ఆదివారం ఐదోసారి అడిగాను. ఎంత చిన్నవారినైనా "అండీ" అని తప్ప పిలవని ఆ పెద్దమనిషి, నా చేతిలోని వాద్యాన్ని మెల్లగా తీసి సంచిలో పెట్టి, దాని పేరులోని రెండో సగం మాత్రమే పలికారు.