పదికి మూడు

యూనివర్సిటీ గ్యాలరీలో ఎంఎఫ్‌ఏ విద్యార్థుల ప్రదర్శన ప్రారంభానికి వెళ్లొచ్చాను. మన దగ్గర కళకు ఆదరణ లేదనేవాళ్ల నోళ్లు ఇక మూతపడాలి. కార్డులో ఐదింటికని వేశారు. ఆరున్నరకు ముఖ్య అతిథి వచ్చేసరికి హాలు కిటకిటలాడుతోంది. జ్యోతి ప్రజ్వలనం, శాలువా, ఫొటో. ఆ వెంటనే జనమంతా కళాదాహంతో ఒక్కసారిగా కదిలారు. సమోసాలు వరండాలో పెట్టారు మరి.

అతిథి మాత్రం లోపలే ఉండిపోయారు, ఆయన ప్లేటు లోపలికే వచ్చింది కాబట్టి. ఒక ఎచింగ్ ముందు ఆగారు. జింకు ప్లేటు మీద సూదితో గీసి, యాసిడ్‌లో ఉంచి, ఇంకు దట్టించి, తుడిచి, ప్రెస్సులో తిప్పి తీసిన ప్రింటు. గీసిన అమ్మాయి గోళ్లలో నలుపు ఇంకా వదల్లేదు. ప్రింటు కింద ఎడమవైపు పెన్సిల్‌తో ‘3/10’ అని ఉంది. మొత్తం పది ప్రింట్లు తీస్తే అందులో ఇది మూడోదని దానర్థం. అతిథి తేరిపార చూసి, “పర్లేదమ్మా, నిరాశ పడకు. సప్లిమెంటరీ రాసుకోవచ్చు” అని ధైర్యం చెప్పారు. పక్క ప్రింటు మీద ‘9/10’ ఉంది. ఆ కుర్రాడికి షేక్‌హ్యాండ్! ఇంత చురుగ్గా వాల్యుయేషన్ జరగడం నేను ఏ యూనివర్సిటీలోనూ చూడలేదు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, 1963లో బరోడా వెళ్లి, ఎచింగ్‌లో దేశమంతా పేరు తెచ్చుకున్న లక్ష్మాగౌడ్ గారు ఈ లెక్కన ఎన్నిసార్లు తప్పారో పాపం.

కొన్ని బొమ్మలు రెండడుగులుంటే వాటి పక్కన కాన్సెప్ట్ నోట్ మూడడుగులుంది, అదీ ఇంగ్లీషులో. తెలుగులో ఎందుకు పెట్టలేదని ఒకబ్బాయిని అడిగాను. “తెలుగులో అయితే అర్థమైపోతుంది సార్” అన్నాడు. నిజాయతీపరుడు.

చివరి గోడ నిండా గోనెసంచులు, ఒకదానికొకటి కలిపి కుట్టినవి. పేరు ‘శ్రమ జ్ఞాపకం’. ఘనా కళాకారుడు ఇబ్రహీం మహామా 2015లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళాప్రదర్శనలో ఇలాంటి సంచులతోనే పొడవాటి దారి గోడలు కప్పేశాడని ఒక మాస్టారు చెబుతున్నారు. అబ్బాయి తండ్రి ఊరి నుంచి వచ్చారు. పంచె సర్దుకుంటూ వేలితో లెక్కపెడుతున్నారు.

“పద్నాలుగు. సంచులు తక్కువున్నయని వడ్లు కొనే ఐకేపీ సెంటర్ల నన్ను నిలదీసిర్రు కొడుకా. గివేనా?”

“బాపూ, ఇది శ్రమ జ్ఞాపకం...”

“జ్ఞాపకం మంచిదే. ఎల్లుండి సెంటర్ బందయితది. ఎప్పుడిస్తవ్?”

“సోమవారం ఎగ్జామినర్ వస్తడు బాపూ.”

పెద్దాయన ఇంకేం మాట్లాడలేదు. గోడ వారన కూర్చుని, కింది సంచి అంచు పట్టుకుని, ఒక్కో కుట్టూ విప్పడం మొదలుపెట్టారు. సమోసాలు పట్టుకునే జనం చుట్టూ చేరారు. ముఖ్య అతిథి కూడా వచ్చి, ఒంగి, పెద్దాయన్ని ఎడమవైపు కింది దాకా పరిశీలనగా చూశారు.

“ఈయనకు మార్కులు వెయ్యలేదేం?” అన్నారు.