పాత పత్రికల అట్టలేవీ?

నెల్లూరు నుంచి పూండ్ల రామకృష్ణయ్య 1885లో మొదలుపెట్టి కన్నుమూసేదాకా నడిపిన మాసపత్రిక ‘అముద్రిత గ్రంథ చింతామణి’. తాటాకుల్లో మగ్గుతున్న కావ్యాలను అచ్చులోకి తేవడం దాని పని. అంతకు ముందు కొక్కొండ వేంకటరత్నం ‘ఆంధ్రభాషా సంజీవని’ (1871), కందుకూరి ‘వివేకవర్ధని’ (1874) వచ్చాయి. ఆ తరం అచ్చు సంచికలు ఇప్పుడు స్కానింగ్‌కు ఎక్కుతున్నాయి. సంతోషమే. పేచీ అల్లా ఆ పని జరుగుతున్న తీరుతోనే.

బైండింగు చేసేవాళ్లు సంచికల పల్చటి రంగు అట్టలను ఎప్పుడో తీసిపారేశారు. మిగిలిన కాసినిటినీ ‘ఇందులో పద్యాలేం లేవుగా’ అని స్కానింగ్‌లో వదిలేస్తున్నారు. నెల, చందా, అచ్చుకూటం పేరు, పుస్తకాల ప్రకటనలు ఉండేది ఆ అట్టల మీదే. అవి పోతే కావ్యం ఏ సంచికతో మొదలై ఎక్కడ ఆగిందో తేల్చడం కష్టం.

తేదీల తంటా మరొకటి. ముఖపత్రం మీద ‘పార్థివ’ అని తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉంటే కేటలాగులో 1885 అని రాసేస్తారు. ఆ ఏడాది ఉగాదికి మొదలైన పార్థివ 1886 వసంతం దాకా నడిచింది. పైగా అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది. సందేహం తీరాలంటే 1867 నాటి ముద్రణ చట్టం కింద మద్రాసు ప్రభుత్వం వేసిన మూడు నెలల జాబితాలు చూడాలి. పుటలు, సైజు, ఎన్నో కూర్పు, ఎన్ని ప్రతులు, వెల అన్నీ వాటిలో ఉంటాయి.

అసలు గొడవ అక్షరాల దగ్గర. ఆనాటి అచ్చులో ‘ధర్మము’ను ‘ధమ౯ము’ అని వేసేవారు. ‘ర్’కు బదులు పక్కన వేసే ఆ గుర్తు వలపలగిలక. స్కాన్ బొమ్మలోంచి అక్షరాలు చదివే కంప్యూటరు దాన్ని తెలుగు తొమ్మిది అంకె అనుకుంటుంది. దిద్దేవాడు అంకె పొరపాటున పడిందని కొట్టేస్తాడు. మిగిలేది ‘ధమము’. సంయుక్తాక్షరం పోయి ‘ధ’ గురువు కాస్తా లఘువైంది, గణం తప్పింది. ఛందస్సు తెలిసినవాడికి ఇది వెంటనే దొరుకుతుంది: ఉత్పలమాల పాదంలో భ ర న భ భ ర వ గణాలు, 20 అక్షరాలు, పదోచోట యతి. పద్యాలను వచనంలా కలిపేసి అచ్చువేసిన పుటల్లో పాదం విరవడానికీ ఈ లెక్కే దిక్కు. అయితే అరసున్న (ఁ) పోతే గణం కదలదు. ‘ఏఁడు’ సంవత్సరం, ‘ఏడు’ అంకె. ఏ గణవిభజనా దాన్ని పట్టుకోలేదు. కంటితో మూలం పక్కన పెట్టుకుని చదవాల్సిందే. ఆ ఓపికకు ఎవరూ జీతం ఇవ్వడం లేదు.

రెండు తెలుగు ప్రభుత్వాలూ టెండర్లలో పుటకింత అని రేటు కట్టడం మానాలి. అలా కడితే వేగం వస్తుంది, అరసున్న రాదు. అట్టలు, ఖాళీ పుటలు సహా రంగుల్లో స్కాన్ చేయాలి. పెళుసుబారిన సంపుటాన్ని బల్ల మీద పూర్తిగా పరిచి వెన్ను విరవకుండా, సగం తెరిచి పట్టే ఊయల వాడాలి. దిద్దిన పాఠం పక్కన మూలం బొమ్మ ఉండాలి. పద్యం చదవడం వచ్చిన ఇద్దరు విడివిడిగా దిద్దాకే బిల్లు చెల్లించాలి.